పాట ఉండాది, పేరే లేదు

మన హాస్టల్లో ఎవరినైనా పట్టుకుని "చివరిసారి పాట కొన్నది ఎప్పుడు రా?" అని అడగండి. వింతగా చూస్తారు. పాట కొనడమేంది? రీఛార్జ్ చేస్తాం, పాట దాని వెనకాలే వస్తుంది. నా పంతొమ్మిదేళ్ళలో నేను ఒక్క క్యాసెట్ గానీ, ఒక్క సీడీ గానీ డబ్బులిచ్చి కొనలేదు. కాబట్టి ఇది "ఆ రోజులే వేరు" టైపు వ్యాసం కాదు. ఆ రోజులు నాకు తెలీనే తెలీవు.

నాకు కొంచెం తెలిసింది డేటాబేస్. ఈ సెమిస్టర్ డీబీఎంఎస్ ఉంది మాకు. టేబుల్లో ఒక వరుస లేకపోతే ఎంత బాగా క్వెరీ రాసినా ఖాళీ రిజల్టే వస్తుంది. ఆ వస్తువు లోకంలో లేదని కాదు, టేబుల్లో లేదు, అంతే. కానీ బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకటే. స్ట్రీమింగ్ గురించి నా గొడవంతా ఇదే. పాటల షాపు పోయింది, రేడియో బక్కచిక్కింది, బదులుగా కోట్ల పాటలు చేతిలోకి వచ్చాయి. ఇంత లాభంలో నష్టం గురించి మాట్లాడేవాణ్ణి జనం ముసలోడి కింద లెక్కేస్తారు. నేనేమంటానంటే, సినిమా పాటలకు నష్టమేమీ లేదు. నష్టపోయింది మన అనంతపురం మాదిరి జిల్లాల సొంత పాటలు. ఆ పాటల పేర్లు తెలిసిన మనిషి షాపులో కూర్చుని ఉండేవాడు, రేడియో స్టేషన్లో కూర్చుని ఉండేవాడు. ఆ మనిషి కుర్చీలో ఇప్పుడు సెర్చ్ బాక్స్ కూర్చుంది. దానికి మన పాటల పేర్లు తెలీవు.

మా మేనమామ 1990లలో గుంతకల్లులో చిన్న ఆడియో షాపు నడిపినాడు. బోర్డు మీద "రికార్డింగ్ సెంటర్" అని రాసి ఉండేదంట. షాపులో వ్యాపారం రెండు రకాలు. ఒకటి కంపెనీ క్యాసెట్లు అమ్మడం. ఆదిత్య, సుప్రీమ్, బెంగళూరు లహరి, ఇట్లా లేబుళ్ళు. కొత్త సినిమా ఆడియో వచ్చిన వారం షాపు ముందు సైకిళ్ళు పెట్టడానికి జాగా ఉండేది కాదంటాడు. రెండోది, అసలు కాసులు రాల్చేది, ఖాళీ క్యాసెట్లోకి పాటలు ఎక్కించడం. జనం నోటుబుక్కు కాయితం మీద లిస్టు రాసుకుని వచ్చేవాళ్ళు. అరవై నిమిషాల క్యాసెట్ అంటే పక్కకు ముప్పై నిమిషాలు. ఆ ముప్పైలో చివరి పాట మధ్యలో తెగకూడదు, ఖాళీ టేపు ఎక్కువ మిగలకూడదు. మామ ఆ లిస్టును అటూ ఇటూ మార్చి సరిగ్గా ఇరికించేవాడు. ఆయనకు తెలీదు గానీ అది నాప్‌సాక్ ప్రాబ్లమ్. మనం ల్యాబులో సీ లో రాసి ఏడ్చేది, ఆయన పెన్సిల్‌తో చేసేవాడు.

ఇదంతా కాపీరైటు చట్టం ముందు నిలబడేది కాదు, ఆ సంగతి మామకూ తెలుసు. ఊరూరా రికార్డింగ్ సెంటర్లు ఉండేవి, ఎవరూ సంగీత దర్శకుడికి నయాపైసా పంపలేదు. అందుకే "షాపుల కాలంలో కళాకారులకు న్యాయం జరిగింది, యాప్‌లు వచ్చి అన్యాయం చేశాయి" అనే మాట నేను నమ్మను. అమెరికాలో టవర్ రికార్డ్స్ 2006లో మూతపడిందని, ముంబైలో రిథమ్ హౌస్ 2016లో తలుపులు వేసిందని చదివి జనం బాధపడతారు. అవి పెద్ద ఊళ్ళ పెద్ద షాపులు. మన దగ్గర పాటల షాపు అంటే సగం చట్టం, సగం దొంగతనం.

కానీ ఆ షాపులో మూడో అర ఒకటి ఉండేది. చెక్కభజన క్యాసెట్లు, హరికథలు, కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి మీద చుట్టుపక్కల వాళ్ళు పాడించుకున్నవి, జాతర పాటలు. పెద్ద కంపెనీల సరుకు కాదు. బృందం వాళ్ళే డబ్బులు పోగు చేసుకుని, ఏదో స్టూడియోకి పోయి రికార్డు చేయించుకుని, కొన్ని వందల కాపీలు వేయించి షాపుల్లో పెట్టేవాళ్ళు, జాతరలో అమ్ముకునేవాళ్ళు. మామ చెప్పేదాన్ని బట్టి లాభం పెద్దగా ఉండేది కాదు, ఖర్చు మాత్రం వచ్చేసేది. పల్లె నుంచి వచ్చిన మనిషికి క్యాసెట్ పేరు తెలిసేది కాదు. పాట రెండు లైన్లు కూనిరాగం తీసేవాడు. మామ విని "అది ఆ ఊరి గురువు కట్టిన పాట ప్పా, రెండో పక్క మూడోది" అని తీసి ఇచ్చేవాడు. ఇప్పుడు ఫోన్ ముందు ఈల వేస్తే పాట పేరు చెప్పే టెక్నాలజీ వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాం. గుంతకల్లులో అప్పుడే ఉండాది, కాకపోతే అది పాటతో పాటు ఊరి పేరు కూడా చెప్పేది.

ఇది నా ఊహ కాదు, దీని మీద పుస్తకమే ఉంది. పీటర్ మాన్యుయెల్ అనే ఆయన 1993లో "క్యాసెట్ కల్చర్" అని ఒక పుస్తకం రాశాడు. ఉత్తర భారతం గురించి. అంతవరకూ మన దేశంలో రికార్డు అంటే గ్రామఫోన్ కంపెనీ, అంటే హెచ్ఎంవీ. ఏ పాట రికార్డు కావాలో చాలావరకు వాళ్ళు చెప్పిందే. 1980లలో చవక క్యాసెట్లు వచ్చాక ఆ పెత్తనం కూలిపోయి, చిన్న చిన్న ప్రాంతాల పాటలు, యాసల పాటలు, భక్తి పాటలు వెల్లువలా బయటికొచ్చాయని ఆయన చెబుతాడు. పైరసీ కూడా అదే వెల్లువలో వచ్చింది. ఆయన రాసింది యూపీ, పంజాబ్ లాంటి చోట్ల గురించి అయినా, మామ షాపులో మూడో అర కథ అచ్చంగా అదే.

ఆ అరను ఖాళీ చేసింది స్ట్రీమింగ్ అనుకుంటే పొరపాటు. దానికంటే ముందు ఎంపీత్రీ సీడీ వచ్చింది, ఒక్క సీడీలో వంద పాటలు పైన. తర్వాత మెమొరీ కార్డు. మనలో చానామందికి గుర్తుండే ఉంటుంది, సెల్ షాపు అద్దం మీద "పాటలు ఎక్కించబడును" అని స్టిక్కర్. కార్డు ఇస్తే షాపబ్బాయి ఫోల్డర్లు కాపీ చేసి ఇచ్చేవాడు. ఓల్డ్, న్యూ, భక్తి, డీజే. పాట పేరు చెరిగిపోయింది అక్కడ. క్యాసెట్ అట్ట మీద పాడినవాళ్ళ పేరు, ఊరు, బృందం ఫోటో, ఒక్కోసారి ఫోన్ నంబరు కూడా ఉండేవి. అదే పాట కార్డులోకి ఎక్కేసరికి "ట్రాక్ 07" అయిపోయింది. గాయకుడి పేరు ఉండాల్సిన చోట ఏదో ఫ్రీ డౌన్‌లోడ్ సైటు పేరు తోకలాగా వేలాడింది. మామ షాపు కూడా మెల్లగా రీఛార్జ్ షాపు అయింది. ఇప్పుడు ఆ మూడో అరలో టెంపర్డ్ గ్లాసులు ఉన్నాయి.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి కొన్ని నెలలు డేటా ఉచితంగా పంచింది. సావన్ జియో మ్యూజిక్‌తో కలిసి 2018లో జియోసావన్ అయింది. స్పాటిఫై 2019 ఫిబ్రవరిలో ఇండియాలో అడుగుపెట్టింది. మెమొరీ కార్డు షాపు కూడా పోయింది. అంతర్జాతీయ సంగీత పరిశ్రమ లెక్కల ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం రికార్డెడ్ సంగీతం మీద వచ్చిన ఆదాయంలో సుమారు మూడింట రెండు వంతులు స్ట్రీమింగ్‌దే. ఈ కథ మీకందరికీ తెలిసిందే, దీన్ని సాగదీయను.

రేడియో సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. మన బ్యాచ్‌లో రేడియో అంటే ఆటోలోనో, హోటల్లోనో వినిపించేది. మా అవ్వకు మాత్రం ఆకాశవాణి అనంతపురం అంటే 101.7. ఆమెకు ఫ్రీక్వెన్సీ అంటే ఏమిటో తెలీదు, నంబరు తెలుసు.

రేడియో కూడా దేవుడేమీ కాదు. 1952 తర్వాత బీ.వీ. కేస్కర్ అనే మంత్రి గారు సినిమా పాటలు జాతి అభిరుచిని చెడగొడుతున్నాయని ఆకాశవాణిలో వాటిని దాదాపు లేకుండా చేశారు. జనం ఊరుకున్నారా? రేడియో సిలోన్ పెట్టుకున్నారు. శ్రీలంక నుంచి మీనాక్షి పొన్నుదురై గారు తెలుగులో మాట్లాడుతూ పాటలు వేస్తుంటే మన ఊళ్ళల్లో విన్నారు. చివరికి ప్రభుత్వమే దిగొచ్చి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలుపెట్టింది. పైనుంచి ఒకరు ఏం వినాలో నిర్ణయిస్తే జనం పక్కదారి వెతుక్కుంటారనడానికి అంతకంటే ఉదాహరణ ఏం కావాలి. ఇప్పుడు ఆ నిర్ణయం అల్గారిథమ్ తీసుకుంటుంది. పక్కదారి ఎక్కడుందో నాకైతే కనపడటం లేదు.

మంత్రులు ఎట్లా ఉన్నా, జిల్లా రేడియో స్టేషన్ చేసిన పని ఒకటుంది. స్థానిక కళాకారులను పిలిచి, ఆడిషన్ పెట్టి, పాడించి, టేపు మీద పేరు రాసి, పారితోషికం ఇచ్చి పంపేది. పేరు, ఊరు, తేదీ, అన్నీ రాతలో ఉంటాయి. ప్రభుత్వ ఆఫీసు కదా, కాయితం లేకుండా ఏదీ జరగదు. మనం ఎప్పుడూ తిట్టుకునే ఆ కాయితమే ఇక్కడ మేలు చేసింది. పాట ప్రసారం చేసేటప్పుడు అనౌన్సర్ "పాడినవారు ఫలానా, ఫలానా గ్రామం" అని చదువుతారు. మా అవ్వ ఆ ఊరి పేరు విని "మన పక్కూరే" అనేది. యాప్‌లో అట్లాంటి క్షణం రాదు. యాప్‌కు నేనుండే ఊరు తెలుసు, పాట పుట్టిన ఊరు తెలీదు.

ఇంకొకటి. రేడియోలో పాట ఒంటరిగా వచ్చేది కాదు. ఆకాశవాణి 1966 నుంచి రైతుల కోసం ప్రత్యేకంగా వ్యవసాయ విభాగాలు పెట్టింది. పాటల మధ్యలో విత్తనాల మాట, వాతావరణం, శనక్కాయ తెగుళ్ళ మందు, మార్కెట్ ధర. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది, అది కూడా పడాలనుకుంటే పడుతుంది. ఇక్కడ పాట కోసం రేడియో పెట్టినోడికి వాన కబురు ఊరికే దొరికేది. ఇప్పుడు పాట ఒక యాప్, వాతావరణం ఒక యాప్, ధర ఒక వాట్సాప్ గ్రూప్. దేనికది విడిపోయింది. కుర్రాళ్ళకు ఇబ్బంది లేదు, ఐదు యాప్‌లు తిప్పుతారు. మా అవ్వ ఏదీ తిప్పదు. ఆకాశవాణి కూడా ఇప్పుడు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వస్తుంది, ప్రసార భారతి 2024 నవంబర్‌లో వేవ్స్ అని ఓటీటీ కూడా పెట్టింది. మంచిదే. కానీ లైవ్ వస్తే ఏం లాభం, నిన్న వచ్చిన పాట ఈ రోజు వెతికితే దొరకాలి కదా.

"డిజిటల్ వల్లే కదా మంగ్లి వచ్చింది?" అని మా రూమ్మేట్ అడిగాడు. ఇది గట్టి ప్రశ్న. మంగ్లి మన జిల్లా అమ్మాయే, గుత్తి మండలం బసినేపల్లి తండా. అసలు పేరు సత్యవతి రాథోడ్. తిరుపతిలో సంగీతం చదువుకుని, హైదరాబాద్‌లో ఒక తెలంగాణ ఛానల్లో "మాటకారి మంగ్లి"గా పేరు తెచ్చుకుని, బతుకమ్మ పాటలు, బోనాల పాటలు యూట్యూబ్‌లో పాడి ఇంటింటికీ చేరింది. క్యాసెట్ కాలంలో గుత్తి పక్క తండా అమ్మాయికి ఇది సాధ్యమయ్యేదా? కష్టమే. ఈ విషయంలో యూట్యూబ్‌కు దండం పెట్టాల్సిందే.

కానీ ఇంకోవైపు చూడండి. ఆ పాటలు ఎక్కువ భాగం తెలంగాణ పండగలవి, తెలంగాణ యాసవి. ఎందుకంటే అక్కడ జానపదానికి ఛానళ్ళున్నాయి, స్టూడియోలున్నాయి, ప్రతి పండక్కీ కొత్త పాట తీయాలనే పోటీ ఉంది, వెనక ఒక ఉద్యమం నడిచిన ఊపు ఉంది. సీమ గొంతు తెలంగాణ పాటకు వెలుగిచ్చింది, సీమ పాటకు ఆ వెలుగు రాలేదు. మనకు పెంచల్ దాస్ గారి మాదిరి ఒకరిద్దరు సినిమాల్లోకి వెళ్ళి సీమ యాసను వినిపించారు. 2018లో "అరవింద సమేత"లో ఆయన రాసిన పాట వచ్చినప్పుడు మన వాళ్ళంతా స్టేటస్ పెట్టుకున్నారు. సినిమా ఎక్కితేనే గుర్తింపు. ఎక్కని పాట?

ఎక్కినా పేరు విషయంలో గొడవే. 2021లో "లవ్ స్టోరీ" సినిమాలో "సారంగ దరియా" వచ్చింది, పాడింది మన మంగ్లే. ఆ జానపదాన్ని సేకరించి వెలుగులోకి తెచ్చింది తానని కోమలి అనే గాయని అనడంతో పెద్ద చర్చ నడిచింది. ఎవరిది న్యాయం అనే తీర్పు నేను చెప్పను. నాకు తట్టింది ఒకటే. ఆ పాట ఎవరు, ఎక్కడ, ఎప్పుడు పాడుతుండగా ఎవరు రాసుకున్నారో చెప్పే రికార్డు అందరికీ కనపడే చోట ముందే ఉండి ఉంటే, ఆ చర్చ ఒక్క పూటలో తేలిపోయేది.

సెర్చ్ సంగతి మన బ్రాంచ్ వాళ్ళకు సరదాగా ఉంటుంది. నేను వాడే యాప్‌లో చెక్కభజన పాటల కోసం వెతికాను. తెలుగు లిపిలో కొడితే దాదాపు ఏమీ రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే స్పెల్లింగ్ గొడవ. "చెక్క"లో ఒక హెచ్ పెట్టాలా, రెండు కేలు పెట్టాలా, "భజన"లో బీ పక్కన హెచ్ ఉందా లేదా, చివర ఏ ఉందా. ఎక్కించినవాడు ఒకలాగ రాశాడు, వెతికేవాడు ఇంకోలాగ రాస్తాడు. ఎడిట్ డిస్టెన్స్ అని మనం చదువుకున్నది దీనికే పనికొస్తుంది గానీ, సినిమా పాటల మీద కోట్ల క్లిక్కులున్నాయి కాబట్టి సిస్టమ్ అక్కడ తప్పు స్పెల్లింగులు కూడా నేర్చుకుంది. మన పాటల మీద క్లిక్కులే లేవు. ఎవరూ వెతకరు కాబట్టి దొరకదు, దొరకదు కాబట్టి ఎవరూ వెతకరు. ఇన్ఫినిట్ లూప్.

దొరికిన కొన్ని పాటల కింద గాయకుడి పేరు చోట "జానపదం" అని ఉంది. ఇంకోచోట "వేరియస్ ఆర్టిస్ట్స్". ఒకచోట డీజే పేరు.

పేరు లేకపోతే డబ్బూ రాదు. ఇది చానామందికి తెలీదు, కాబట్టి కాస్త వివరిస్తా. మనం నెలకు కట్టే చందా మనం విన్న గాయకులకు నేరుగా పోతుందని అనుకుంటాం. మామూలుగా అట్లా జరగదు. అందరి డబ్బూ ఒక కుండలో పడుతుంది. కంపెనీ తన వాటా తీసుకున్నాక, ఆ నెల దేశంలో మొత్తం ఎన్ని ప్లేలు, అందులో ఏ పాటకు ఎన్ని అనే నిష్పత్తిలో పంచుతారు. నేను నెలంతా ఒక్క చెక్కభజన బృందాన్నే విన్నా, నా చందాలో అత్యధిక భాగం నేను విననే వినని హిట్ పాటలకు పోతుంది. విన్నవాడి డబ్బు విన్న పాటకే పోయే పద్ధతి కూడా ఉంది, సౌండ్‌క్లౌడ్ 2021లో మొదలుపెట్టింది. పెద్ద యాప్‌లు ఆ దారి పట్టలేదు. పైగా స్పాటిఫై 2024 నుంచి, పన్నెండు నెలల్లో వెయ్యి ప్లేలు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం ఆపేసింది. ఫేక్ ట్రాక్‌లను అరికట్టడానికి, చిల్లర మొత్తాలు బ్యాంకు చార్జీలకే పోతున్నాయని వాళ్ళ వాదన. ఆ వాదనలో కొంత నిజం ఉండొచ్చు. కానీ ఉరవకొండ పక్క పల్లెలో ఒక బృందం పాట ఏడాదికి తొమ్మిదొందల సార్లు మోగితే, అది ఆ పాటకు చిన్న సంఖ్య కాదు. విన్నవాళ్ళంతా ఆ చుట్టుపక్కల వాళ్ళే అయ్యుంటారు. మూడొందల క్యాసెట్లు అమ్మితే ఖర్చు వచ్చేది. తొమ్మిదొందల ప్లేలకు సున్నా.

ఇంత జేసీ యాప్ మనదీ కాదు. 2023 మార్చిలో జీ మ్యూజిక్‌తో ఒప్పందం కుదరక హిందీ పాటలు బోలెడన్ని స్పాటిఫై నుంచి రాత్రికి రాత్రి మాయమయ్యాయి. 2024లో ఎయిర్‌టెల్ వింక్‌ను మూసేస్తున్నట్టు చెప్పింది. వింక్‌లో జాగ్రత్తగా ప్లేలిస్టులు కట్టుకున్నవాళ్ళు మన క్లాసులోనే ఉన్నారు. అవన్నీ అద్దె ఇళ్ళు. సినిమా పాట ఒక ఇంట్లోంచి తీసేస్తే ఇంకో ఇంట్లో చేరుతుంది. ఊరి పాటకు ఇంకో ఇల్లు లేదు.

ఇప్పుడు ఉరుముల గురించి చెప్పాలి. మన జిల్లాకే గుర్తుగా చెప్పుకునే వాద్యం, నృత్యం అది. జాతరల్లో ఆ డోలు మోగితే నిజంగా ఉరిమినట్టే ఉంటుంది. మబ్బు ఉరమడం కరువైన చోట మనుషులే ఉరుము తయారు చేసుకున్నారేమో అనిపిస్తుంది నాకు, ఇది శాస్త్రం కాదు, ఊరికే అనుకోవడం. ఆ కళాకారులు ఎక్కువమంది దళితులు. చెక్కభజన గురువుల పేర్లన్నా ఊళ్ళో నలుగురు చెబుతారు. ఉరుములు వాయించే వాళ్ళ పేర్లు అడిగితే "వాళ్ళే, ఉరుములోళ్ళు" అంటారు. కాబట్టి ఎవరి పేరు రాతలో మిగులుతుంది, ఎవరిది మిగలదు అనేది టెక్నాలజీ మొదలుపెట్టిన అన్యాయం కాదు. టెక్నాలజీ ఆ పాత ఖాళీనే కాపీ చేసుకుంది. నల్ వాల్యూ అలాగే పేస్ట్ అయింది.

అందుకే నేను అడిగేది పాటలు కాదు. మొదట లిస్టు కావాలి.

ఆకాశవాణి అనంతపురం దగ్గర, పక్కన కడప, కర్నూలు స్టేషన్ల దగ్గర, దశాబ్దాలుగా పాడించిన స్థానిక కళాకారుల వివరాలు ఉంటాయి. పాటలు బయటపెట్టాలంటే హక్కులు, అనుమతులు, ఢిల్లీ ఫైళ్ళు, అదంతా పెద్ద కథ అని ఎవరైనా అంటారు, ఒప్పుకుంటా. కానీ ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ ఏడాది, ఏ పాట అనే పట్టిక ఇవ్వడానికి ఏ కాపీరైటూ అడ్డురాదు. పేరుకు కాపీరైట్ లేదు. ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. అది బయటికొస్తే, ఏ ఊరిలో ఎవరి మనవడో తన తాత పేరు చూసుకుని స్టేషన్‌కు పోయి అడుగుతాడు. ఒత్తిడి అట్లా పుడుతుంది. లైబ్రరీలో పడి ఉన్న టేపును ఎవరూ అడగకపోవడానికి కారణం, అది అక్కడుందని ఎవరికీ తెలీకపోవడమే.

మనం చేయగలిగింది కూడా ఉంది. ఏటా మన డిపార్ట్‌మెంట్‌లో మినీ ప్రాజెక్టుల పేరుతో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌లు ఎన్ని తయారవుతాయో మీకు తెలుసు. సీనియర్ల దగ్గర తీసుకుని రంగు మార్చి సబ్మిట్ చేస్తాం. ఒక్క బ్యాచ్ దాని బదులు ఇది చేయొచ్చు. కాలమ్స్ నేనే రాసిపెట్టాను. పాట మొదటి మాటలు, పాడినవాళ్ళు, కట్టిన గురువు, ఊరు, ఏ సందర్భంలో పాడతారు, రికార్డు అయిన ఏడాది, క్యాసెట్ ఇప్పుడెవరి దగ్గర ఉంది. తెలుగు లిపిలో ఒక కాలమ్, ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు స్పెల్లింగులకు ఇంకో కాలమ్. మ్యూజిక్‌బ్రెయిన్జ్ అని అందరూ కలిసి నడిపే ఉచిత డేటాబేస్ ఒకటి ఉంది, ఎవరైనా వివరాలు చేర్చొచ్చు. తెలుగు వికీపీడియా 2003 నుంచీ ఉంది. కొత్తగా యాప్ కట్టాల్సిన పనే లేదు. నా తెలుగు చదువుడు కొంచెం నిదానం, ఇంగ్లీష్ మీడియం పుణ్యం. టైపింగ్‌కు సాయం కావాలి. చేతిరాత చదవగలిగినవాళ్ళు అయితే మరీ మంచిది.

తొందర ఎందుకంటే, టేపు మన ఎండకు నిలవదు. అటక మీద ఇరవై వేసవులు గడిపిన క్యాసెట్లో పొర ఊడుతుంది, చుట్లు అతుక్కుంటాయి, బూజు పడుతుంది. పని చేసే టేప్ రికార్డర్ దొరకడం ఇంకో కష్టం, అది ఉంటే లోపల బెల్టు తెగి ఉంటుంది. వీటికంటే ముందు మామ లాంటివాళ్ళ జ్ఞాపకం పోతుంది. ఆయనకు యాభై ఎనిమిది. సంక్రాంతి సెలవుల్లో గుంతకల్లు పోయి రెండు రోజులు కూర్చున్నా. అట్టపెట్టెలో మిగిలినవి తీసి ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పినాడు, నేను ల్యాప్‌టాప్‌లో కొట్టుకున్నా. "ఇవన్నీ ఎవరికి కావాలబ్బీ ఇప్పుడు?" అన్నాడు గానీ, మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే లేవలేదు.

ఇప్పటికి నా షీట్‌లో నలభై ఒక్క క్యాసెట్లు ఉన్నాయి. ఇరవై ఆరింటికి ఊరి పేరు తెలిసింది. పదకొండింటికి పాడినవాళ్ళ కాలమ్ ఇంకా ఖాళీ. అందులో రెండు ఉరుములవి. ఒకదాని అట్ట మీద ఆరుగురు నిలబడిన ఫోటో ఉంది, వెనక గుడి గోపురం కనపడుతుంది, పేర్లు లేవు. ఫోటో స్కాన్ చేసి క్లబ్ డ్రైవ్‌లో పెట్టాను. రాయదుర్గం, కళ్యాణదుర్గం వైపు వాళ్ళు ఒకసారి చూడండి. ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దోళ్ళకు పంపించండి.